అంబులెన్స్ కొనిచ్చే ముందు: ఆఫ్రికా పల్లెల్లో అత్యవసర వైద్యానికి ఏ సాయం ఎక్కడ పనికొస్తుంది

ఉగాది కార్యక్రమం ముగిసి, భోజనాలయ్యాక, ఖర్చులు పోను కొంత డబ్బు మిగిలిందని తేలాక ఎవరో ఒకరు ఆ మాట అంటారు: “ఏదైనా పల్లెకి ఒక అంబులెన్స్ కొనిద్దామండీ.” దార్ ఎస్ సలామ్‌లో ఉన్నా, లుసాకాలో ఉన్నా, కంపాలాలో ఉన్నా తెలుగువాళ్లకు ముందుగా తోచేది ఇదే. కళ్ల ముందు 108 మెదులుతుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ మన ఊళ్లలో ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో చూసినవాళ్లం కదా. కోరిక మంచిదే. అయితే 108 అంటే బండి ఒక్కటే కాదు. అందరికీ తెలిసిన ఒకే నంబరు, ఫోనెత్తే మనిషి, బండి నడిచే రోడ్డు, నెలనెలా డీజిలుకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు, చేరాక చూసే ఆసుపత్రి, ఇవన్నీ కలిస్తేనే 108. ఇవేవీ లేని చోట బండి మాత్రం కొనిస్తే ఆరు నెలల్లో అది షెడ్డులో దుమ్ము పట్టి నిలబడుతుంది. ఆ డబ్బుతో ప్రాణం దక్కాల్సిన మనుషులు ఆ ఊళ్లోనే ఉంటారు కాబట్టి, ఏది ఎక్కడ పనికొస్తుందో ముందే తేల్చుకోవడం మన బాధ్యత.

తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల్లో, అంటే టాంజానియా, ఉగాండా, జాంబియా, మలావీల్లో పల్లెలకు సాయం చేయాలనుకునే సంఘాలు, కంపెనీలు, కుటుంబాల కోసం రాస్తున్నాను.

ముందు దూరం సంగతి. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా జనాభాలో 29 శాతం మంది అత్యవసర వైద్యం దొరికే ప్రభుత్వ ఆసుపత్రికి రెండు గంటల ప్రయాణం కన్నా దూరంగా ఉన్నారని 2018లో వచ్చిన ఒక పెద్ద లెక్క తేల్చింది. వ్యవస్థగా నడిచే అంబులెన్స్ సేవ ఆ ఖండం జనాభాలో 9 శాతం మందికైనా అందడం లేదని అంతకు ముందు ఏడాది మరో సర్వే చెప్పింది. మరి మిగతావాళ్లు ఎలా చేరుతున్నారు? బోడా బోడా అనే అద్దె మోటార్ సైకిల్ వెనక కూర్చుని, సంతకు వెళ్లే లారీ ఎక్కి, ఎడ్లబండి మీద, సైకిల్ మీద, మనుషుల భుజాల మీద. నలుగురి భుజాల మీద అన్నప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో దోలీ మోత గుర్తు రాని తెలుగు మనిషి ఉండడు.

ఆలస్యం మూడు చోట్ల జరుగుతుందని కాన్పు మరణాల మీద పనిచేసినవాళ్లు 1994 నాటికే స్పష్టంగా చెప్పారు. వెళ్లాలని నిర్ణయించుకోవడంలో, చేరడంలో, చేరాక చికిత్స అందడంలో. మీరు చేయాల్సిన మొదటి పని ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లి నర్సు దగ్గర కూర్చోవడం. పోయిన ఏడాది పోయినవాళ్ల గురించి ఒక్కొక్కరి కథా అడగండి. “ఎప్పుడు నొప్పులు మొదలయ్యాయి, ఎప్పుడు బయల్దేరారు, ఎప్పుడొచ్చారు, వచ్చాక ఏం జరిగింది?” పది మంది కథలు వింటే ఆ ఊరి గొలుసులో ఏ లంకె తెగిందో మీకే తెలిసిపోతుంది. ఇది చేయకుండా ఏం కొన్నా గుడ్డిగా కొన్నట్టే.

నాలుగు చక్రాల అంబులెన్స్

ఈ దేశాల్లో అంబులెన్స్ అంటే ఎక్కువగా టయోటా లాండ్ క్రూజర్. రోగిని పడుకోబెట్టవచ్చు, పక్కన నర్సు కూర్చోవచ్చు, ఆక్సిజన్ సిలిండర్ పెట్టవచ్చు, రాత్రిపూటా వానలోనూ వెళ్లవచ్చు. ఈ నాలుగూ కలిసి మరే వాహనంలోనూ ఉండవు. ఆపరేషన్ కావాల్సిన తల్లిని ఆరోగ్య కేంద్రం నుంచి జిల్లా ఆసుపత్రికి చేర్చడానికి దీన్ని మించింది లేదు.

దీని చిక్కంతా అది ఎక్కడ ఉంటుందనే దాంట్లో ఉంది. జిల్లా ఆసుపత్రిలో ఉండే బండి 60 కిలోమీటర్ల అవతలి పల్లెకు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో రెండు గంటల్లో వస్తుంది, మళ్లీ రెండు గంటల్లో వెనక్కి వెళ్తుంది. రోగికి అది నాలుగు గంటలు. అదే ఊళ్లో ఉన్న పాత పికప్ అయితే రెండు గంటలే. కాన్పయ్యాక ఆగకుండా రక్తం పోతున్న మనిషికి ఆ రెండు గంటల తేడానే బతుకూ చావూ.

ఇక డీజిలు, టైర్లు, బీమా, డ్రైవరు జీతం. బండి ధర ఒక్కసారి కట్టేది, ఇవి ఏటా కట్టేవి. జిల్లాకు అది ఒక్కటే మంచి బండి అయితే మీటింగులకూ, టీకాల పెట్టెలకూ, అధికారుల పర్యటనకూ అదే వెళ్తుంది. ఎవరినీ తప్పు పట్టక్కర్లేదు, టీకాలు కూడా చేరాల్సినవే. అందుకే లాండ్ క్రూజర్ ఇవ్వదలిస్తే ముందు జిల్లా ఆరోగ్య శాఖతో కాగితం మీద ఒప్పందం రాసుకోండి: డ్రైవరు జీతం ఎవరిది, డీజిలు ఏ పద్దు నుంచి, రాత్రి బండి ఎక్కడ నిలుస్తుంది. ఈ మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బు అక్కడ పెట్టకండి.

మోటార్ సైకిల్ అంబులెన్స్, సైకిల్ అంబులెన్స్

పక్కన తొట్టి బిగించిన మోటార్ సైకిల్ గురించి మలావీలోని మాంగోచి జిల్లాలో చేసిన అధ్యయనం నాకు చాలా విలువైనదనిపిస్తుంది. మూడు ఆరోగ్య కేంద్రాల దగ్గర ఈ బండ్లు ఉంచి చూశారు. జిల్లా ఆసుపత్రికి పంపడంలో ఆలస్యం 35 నుంచి 76 శాతం తగ్గింది, అంటే రెండు గంటల నుంచి నాలుగున్నర గంటల దాకా. కొనే ధర కారు అంబులెన్స్ ధరలో 19వ వంతు, ఏడాది నడిపే ఖర్చు దాదాపు 24వ వంతు. బండి రోగికి దగ్గరగా, ఆరోగ్య కేంద్రంలోనే ఉండడం ఈ ఫలితానికి ఒక కారణం. నెమ్మదిగా వెళ్లినా ఎదురు చూసే పని లేదు.

అయితే ఇసుక దారిలో, ఏటవాలు కొండల్లో, బురదలో తొట్టి ఉన్న మోటార్ సైకిల్ తిప్పలు పెడుతుంది. దారిలో నర్సు రోగికి ఏమీ చేయలేదు. దూరం ఎక్కువైతే కుదుపులకు తల్లి తట్టుకోలేదు. మన ఏజెన్సీలో 2018లో తెచ్చిన బైకు ఫీడర్ అంబులెన్సులది కూడా ఇదే పాత్ర: 108 రాలేని చోటి నుంచి 108 నిలిచే చోటి దాకా.

సైకిల్ అంబులెన్స్ అంటే సైకిల్ వెనక తగిలించే చక్రాల స్ట్రెచర్, పైన గుడ్డ కప్పు. ఊరి వెల్డరే బాగుచేస్తాడు, పెట్రోలు అక్కర్లేదు, కాలిబాటలో కూడా పోతుంది. మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఆరోగ్య కేంద్రం ఉన్న చదును నేలకు ఇది చక్కగా సరిపోతుంది. కానీ దక్షిణ మలావీలో 2001లో అచ్చయిన ఒక అధ్యయనం వినాలి. సైకిల్ అంబులెన్సులు ఇచ్చిన ఊళ్లలో ఆసుపత్రి కాన్పులు పెరగలేదు. నొప్పులు మొదలైన సంగతి నలుగురికీ తెలియకూడదని అక్కడి ఆడవాళ్లు అనుకుంటారు, ఆ బండి ఎక్కితే దారి పొడుగునా అందరికీ చాటినట్టే. బండి తయారు చేసినవాళ్లు ఆ ఊరి అత్తలనూ అమ్మలనూ ముందే అడిగి ఉంటే ఈ సంగతి తెలిసేది. మీరు ఏం కొన్నా, ఎక్కాల్సిన ఆడవాళ్లను ముందు అడగండి.

ఊళ్లో ఉన్న బండికే డబ్బు కట్టడం

నాకు అన్నిటికన్నా నచ్చిన దారి ఇది. ఫొటోలో చూపించడానికి కొత్త బండేదీ ఉండదు కాబట్టి దాతలకు ఇది తొందరగా తోచదు.

టాంజానియాలోని షిన్యాంగా, సెంగెరెమా ప్రాంతాల్లో మొదలై తర్వాత దేశమంతటా విస్తరించిన ఎం-మామా పద్ధతి ఇలా నడుస్తుంది. గర్భిణికో బాలింతకో పసిబిడ్డకో ఆపద వస్తే ఉచిత నంబరుకు ఫోన్ చేస్తారు. అవతలి వైపు శిక్షణ పొందిన మనిషి లక్షణాలు అడిగి ఎంత తొందర ఉందో, ఏ ఆసుపత్రికి పంపాలో నిర్ణయిస్తారు. దగ్గర్లో అంబులెన్స్ ఉంటే అదే, లేకపోతే ముందే పేరు నమోదు చేసుకున్న ఊరి డ్రైవరు. రోగిని చేర్చాడని ఆసుపత్రి చెప్పగానే అతని ఫోన్‌లోని ఎం-పెసా అనే మొబైల్ డబ్బు ఖాతాలో డబ్బు పడుతుంది. అర్ధరాత్రి డబ్బుల కోసం ఇల్లిల్లూ తిరగాల్సిన అవస్థ తండ్రికి ఉండదు. డ్రైవరుకూ బాకీ భయం లేదు.

నైజీరియాలోని గోంబే రాష్ట్రంలో ఇంకో ఉపాయం చేశారు. రవాణా కార్మికుల సంఘంతో మాట్లాడి, కాన్పు కేసును ఆసుపత్రికి చేర్చిన డ్రైవరుకు టాక్సీ స్టాండులో వరసతో పనిలేకుండా ముందు బేరం ఇచ్చారు. స్టాండులో గంటల తరబడి వరసలో ఉండే డ్రైవరుకు అది డబ్బుకు తక్కువేం కాదు. ఉగాండాలోని కములి, పల్లిసా జిల్లాల్లో బోడా బోడా వాళ్లకు చెల్లే రవాణా చీటీలు గర్భిణులకు ఇచ్చినప్పుడు ఆసుపత్రి కాన్పులు బాగా పెరిగాయి.

ఉగాండా నైరుతి కొండల్లో ఇంకా పాత ఆనవాయితీ ఒకటుంది. ఎన్గోజి అంటే అల్లిన మోత మంచం. ఊరివాళ్లంతా ఒక సంఘంగా ఉంటారు, ఎవరికి జబ్బు చేసినా వంతులవారీగా మోస్తారు. కిసీజి ఆసుపత్రి 1996లో ఆరోగ్య బీమా మొదలుపెట్టినప్పుడు కొత్త సంఘాలు పెట్టకుండా ఈ మోత సంఘాల ద్వారానే జనాన్ని చేర్చుకుంది. ఊరు ఇప్పటికే నమ్మిన ఏర్పాటు మీద కట్టిందే నిలుస్తుందనడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇదే.

ఈ దారి ఎక్కడ పనిచేయదు? ఊరి చుట్టుపక్కల అసలు బండే లేని చోట, ఫోన్ సిగ్నల్ అందని చోట. డబ్బు ఒక ఏడాదికే ఇచ్చి ఆపేస్తే ఇంకా కష్టం, ఎందుకంటే నమ్మి పొద్దుపోయాక ఫోన్ చేసినవాళ్లకు జవాబు రాదు. కనీసం మూడేళ్లకు సరిపడా పెట్టి మొదలుపెట్టండి. డ్రైవర్లకు ప్రథమ చికిత్స కూడా నేర్పిస్తే మరీ మంచిది. ఘనాలో 335 మంది అద్దె వాహనాల డ్రైవర్లకు నేర్పినప్పుడు, తర్వాత కలిసి అడిగితే సగానికి పైగా డ్రైవర్లు ఆ విద్యను ఎవరో ఒకరి మీద వాడామని చెప్పారు.

బయల్దేరే ముందే ఇచ్చే మందు: సెరెంజె ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

జాంబియాలోని సెరెంజె జిల్లా కథ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని సగం విని డబ్బు పెట్టేవాళ్లు ఎక్కువ.

మలేరియా ముదిరి మూర్ఛ వచ్చిన పసివాడు మాత్ర మింగలేడు. ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి దూరం. ఆరేళ్ల లోపు పిల్లలకు ఆసనం ద్వారా పెట్టే ఆర్టిసునేట్ గోళీ ఉంది. మన ఆశా కార్యకర్తల వంటి ఊరి ఆరోగ్య వలంటీరే పెట్టగలదు. అది జబ్బును పూర్తిగా తగ్గించదు, ఆసుపత్రి చేరేదాకా సమయం కొనిస్తుంది. సెరెంజెలో 2017, 2018ల్లో వలంటీర్లకు ఈ మందు ఇచ్చారు, వాళ్ల ఊళ్లలోనే సైకిల్ అంబులెన్సులు పెట్టారు, ఆపద లక్షణాలు గుర్తుపట్టడం పాటలతో, మాటలతో ఊరంతటికీ నేర్పారు, ఆరోగ్య కేంద్రంలో తర్వాతి చికిత్స మందులు ఉండేలా చూశారు. తీవ్ర మలేరియా వచ్చిన పిల్లల్లో మరణాలు 8 శాతం నుంచి 0.25 శాతానికి తగ్గాయి. ఈ అంకె చదివితే ఎవరికైనా గుండె నిండుతుంది.

ఆ తర్వాత కాంగో, నైజీరియా, ఉగాండాల్లో ఇదే మందును పెద్ద ఎత్తున ఇచ్చి పరిశీలించారు. పిల్లల ప్రాణాలు అనుకున్నట్టు దక్కలేదు. మందు పెట్టాక చాలామంది పిల్లలు ఆసుపత్రికి చేరలేదు, చేరినవాళ్లలో కూడా చాలామందికి పూర్తి చికిత్స అందలేదు. 2022 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందును ఇంకా విస్తరించడం ఆపమని దేశాలకు చెప్పింది. మరుసటి ఏడాది షరతులతో మళ్లీ మార్గదర్శకాలు ఇచ్చింది: పై ఆసుపత్రికి పంపే ఏర్పాటూ, అక్కడ పూర్తి చికిత్సా గట్టిగా ఉన్న చోటే వాడాలి.

మందు అదే, పిల్లలు అలాంటివాళ్లే. సెరెంజెలో గోళీ వెనకాల సైకిల్ ఉంది, సైకిల్ వెనకాల మందులున్న ఆరోగ్య కేంద్రం ఉంది. కాబట్టి మలేరియా ప్రాంతంలో ఎవరైనా మీ దగ్గరికి వచ్చి “ఈ గోళీలకు డబ్బివ్వండి, చాలా చవక” అంటే, “గోళీ పెట్టిన అరగంటకు బిడ్డ ఏ బండిలో ఉంటాడు?” అని అడగండి. ఈ పని ఒక సంఘం సొంతంగా చేసేది కూడా కాదు, ఆ దేశ ఆరోగ్య శాఖతో కలిసే చేయాలి. మీ వాటాగా సైకిళ్లూ శిక్షణా ఇవ్వవచ్చు.

చేరాక ఏముంది?

రాత్రి రెండు గంటలకు భార్యను మోసుకొచ్చిన మనిషికి ఆరోగ్య కేంద్రంలో దీపం లేకపోతే, గ్లౌజులు లేకపోతే, ఆక్సిజన్ లేకపోతే, దారిలో మనం ఆదా చేసిన గంటలన్నీ ఆ గుమ్మం దగ్గరే పోతాయి. ఇలా పోయిన ప్రాణం ఒకసారి విన్నా మనసులోంచి పోదు. అందుకే ఈ పద్దును చివర్న కాక ముందు చూడమంటాను.

ఇక్కడ పని చాలావరకు ఖరీదైన యంత్రాలతో కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పద్ధతిలో ఉన్నవేమిటంటే: గుమ్మంలోనే ఎవరు ముందో తేల్చే వరస, ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల కోసం ఎప్పుడూ ఖాళీగా ఉంచే ఒక మంచం, దాని పక్కనే సామాను, గోడకు చేయాల్సిన పనుల జాబితా, నర్సులకూ క్లినికల్ ఆఫీసర్లకూ ఐదు రోజుల ప్రాథమిక శిక్షణ. ఊపిరాడకపోవడం, గాయాలు, షాక్ (రక్తప్రసరణ పడిపోవడం), స్పృహ తప్పడం, ఈ నాలుగింటికీ తొలి నిమిషాల్లో ఏం చేయాలో అందులో నేర్పుతారు. ఉగాండాలో దీన్ని అమలు చేసి చూసిన ఆసుపత్రుల్లో అత్యవసర కేసుల్లో మరణాలు గణనీయంగా తగ్గాయి.

ఆక్సిజన్ విషయంలో ఉగాండాలోనే ఇంకో మంచి పని జరిగింది. కరెంటు నిలవని 20 ఆరోగ్య కేంద్రాల్లో సౌర ఫలకాలతో నడిచే ఆక్సిజన్ ఏర్పాటు పెట్టారు. రక్తంలో ఆక్సిజన్ పడిపోయిన ఐదేళ్ల లోపు పిల్లల్లో తొలి 48 గంటల మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2024లో ప్రకటించారు. కాన్పు రక్తస్రావానికైతే, తల్లి కింద పరిచే కొలతల ప్లాస్టిక్ సంచి చాలా మార్చింది. కంటితో చూస్తే పోయిన రక్తం తక్కువగా కనిపిస్తుంది, సంచిలో గీత చెబుతుంది. గీత దాటగానే గర్భాశయాన్ని మర్దన చేయడం, మందులు, సెలైన్ అన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టాలి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో రెండు లక్షల మందికి పైగా తల్లుల మీద ఈ పద్ధతిని పరీక్షిస్తే, తీవ్ర రక్తస్రావం, దాని వల్ల ఆపరేషన్, మరణం కలిపి 60 శాతం తగ్గాయి. 2023లో వచ్చిన ఫలితమిది. అవి ఆపరేషన్ చేయగల ఆసుపత్రులు కాబట్టి ఊరి ఉపకేంద్రంలో అంతే ఫలితం వస్తుందని అనుకోకూడదు. సంచి, మందులు, శిక్షణ మూడూ కలిపే ఇవ్వాలి.

మిగతావి క్లుప్తంగా

నెలలు నిండిన తల్లులు ఆసుపత్రి పక్కనే ఉండే నిరీక్షణ గృహాలు జాంబియా, మలావీ, ఇథియోపియాల్లో చాలా చోట్ల ఉన్నాయి. బాగా దూరపు ఊళ్లకు, వానాకాలంలో దారి తెగిపోయే ఊళ్లకు ఇవి మంచివి. వంటిల్లు, నీళ్లు, మరుగుదొడ్డి, తోడు వచ్చే అమ్మకు పడుకునే చోటు లేకపోతే ఖాళీగా ఉంటాయి. ఇంటి దగ్గర మిగతా పిల్లలను ఎవరు చూస్తారన్నది కూడా కట్టే ముందే అడగాలి.

రువాండాలో 2016 నుంచి డ్రోన్లు రక్తం చేరవేస్తున్నాయి. రోడ్డు మీద కన్నా 79 నుంచి 98 నిమిషాలు ముందు చేరుతోందని, కాలం తీరి పారేసే రక్తం బాగా తగ్గిందని లెక్కలు చెబుతున్నాయి. గొప్ప పని, కానీ అది ప్రభుత్వాల ఒప్పందాల స్థాయిది, మన సంఘాల స్థాయిది కాదు. విమాన అంబులెన్సూ అంతే. నైరోబీలో 1957లో పుట్టిన ఫ్లయింగ్ డాక్టర్స్ సేవకు చందా కట్టుకోవడం అక్కడ పొలాల్లో, గనుల్లో పనిచేసే మన కుటుంబాలకు ఉపయోగం. పల్లె మొత్తానికి అది దారి కాదు.

నన్ను అడిగితే

ఊళ్లో బండ్లున్నాయి, దారి పర్వాలేదు, డబ్బు లేకనే ఆగిపోతున్నారు అనుకోండి. రవాణా నిధి పెట్టి డ్రైవర్లతో ఒప్పందం చేసుకోండి, ఇంకేం కొనకండి. బండి దారే లేని ఊరైతే సైకిల్ స్ట్రెచరో మోత మంచమో ఇచ్చి, రోడ్డు మీద ఎదురు చూసే బండితో కలపండి. ఆ రెండింట్లో ఒక్కటే ఇస్తే సగం దారిలో వదిలేసినట్టు. ఆరోగ్య కేంద్రం దాకా వస్తున్నారు, అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి కదలడమే కష్టమవుతోందంటే, నేల చదునుగా ఉండి దూరం మరీ ఎక్కువ కాకపోతే మోటార్ సైకిల్ అంబులెన్స్. కొండ దారైనా, బాగా దూరమైనా లాండ్ క్రూజర్, అదీ నేను పైన చెప్పిన మూడు ప్రశ్నలకూ కాగితం మీద జవాబు వచ్చాకే. ఆరోగ్య కేంద్రమే ఖాళీగా ఉంటే మొదటి రూపాయి అక్కడికే.

ఏదీ తేలకపోతే, మధ్యస్థంగా డబ్బున్న సంఘానికి నేనిచ్చే సలహా: సగం ఆరోగ్య కేంద్రంలో ఆ ఒక్క మంచానికి, దాని సామానుకు, నర్సుల శిక్షణకు పెట్టండి. మిగతా సగం మూడేళ్ల రవాణా నిధిగా ఉంచండి. ఆ ఊరి పెద్దలు, నర్సు, డ్రైవర్ల తరఫున ఒకరు, తల్లుల తరఫున ఇద్దరు కలిసి ఆ నిధి చూసుకోవాలి. లెక్క నెలకొకసారి ఊళ్లో చదవాలి.

ఇంకొకటి. దాతలు ఊళ్లు చూడడానికి ఎండాకాలంలో వెళ్తారు, దారులన్నీ గట్టిగా, ధూళిగా బాగుంటాయి. జాంబియా, మలావీల్లో వానలు నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా ఉంటాయి. మలేరియా, ఆకలి, తెగిన వంతెనలు అన్నీ ఆ నెలల్లోనే. సంతకం పెట్టే ముందు ఫిబ్రవరిలో ఒకసారి, ఊరి నుంచి ఆరోగ్య కేంద్రం దాకా, అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రి దాకా మీరే ప్రయాణం చేసి, ఎక్కడ ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి.